పదకొండు ముళ్ల దారం

"రేపు పోవద్దంటే పోవద్దు, అంతే."

"ఎందుకు పోవద్దో చెప్పక్కా. ఊకెనే పోవద్దంటే వాడకట్టోళ్లకు నేనేమని చెప్పాలె?"

"బండి మంచిగ లేదని చెప్పు."

"మంచిగనే ఉన్నది. పొద్దుగాల శివనగర్ దాక తిప్పుకొచ్చిన. నువ్వు వాకిట్ల నిలబడి చూసినవు."

"శివనగర్ ఏడ, మేడారం ఏడ? అది అడివి తొవ్వ."

"అడివి తొవ్వ కోసమే కద ఈ బండి. నాలుగు చక్రాలూ గుంజుతయి."

"నువ్వు బట్టలు కుట్టెటోనివి తమ్మీ. మెకానిక్కువు కాదు."

"అవును. ఇరవై ఏండ్ల సంది నీ జాకెట్లు కుడుతున్న. ఒక్కటన్న చంకకాడ పిగిలిందా?"

"జాకెట్టు పిగిలితే పానం పోదు."

ఆ మాటకు ఆయన మెడల ఉన్న ఇంచు టేపు తీసి వేళ్లకు చుట్టుకున్నడు. కోపమొస్తే ఆయన చేసేది అంతే, గొంతు లేపడు.

"మేడారం తీస్కపొమ్మన్నది నువ్వు. బస్సు కిరాయి దండుగ అన్నది నువ్వు. బెల్లం బుట్టలు నా బండిల పెట్టిచ్చింది నువ్వు. ఇప్పుడు వద్దనేది గూడ నువ్వే. కారణం ఒక్కటి చెప్పక్కా. ఆగిపోత."

కారణం నా నాలిక మీదనే ఉన్నది. అయినా "రేపు దినం మంచిది కాదు" అన్న.

"దినం చూపిచ్చింది గూడ నువ్వే" అన్నడు.

నేను లోపలికి పోయి తలుపేసుకున్న.

ఇది కొన్నేండ్ల కిందటి ముచ్చట. ఆ మనిషి ఈ వానకాలంల పోయిండు. బండి వల్ల కాదు. షుగరు ముదిరి, దవాఖాన మంచం మీద, నిద్రల పోయిండు. ఆ బండి ఆయన చేతుల మీద తర్వాత ఎన్నో వాగులు దాటింది, నేను గూడ ఎక్కిన. అయినా ఆయన యాదికొస్తే ముందుగాల నాకు ఆ పొద్దే యాదికొస్తది.

పోయిన వారం కొడుకు అంగికి గుండీ ఊడితే నా బిస్కెట్ల డబ్బా తీసిన. అండ్ల గుండీలు, హుక్కులు, పిన్నీసులు, పాత రబ్బరు బ్యాండ్లు ఉంటయి. ఏదీ పారేసుడు నాకు చాతగాదు. అడుగున పెండ్లిపత్రిక అట్టముక్కకు చుట్టిన తెల్లదారం కనపడ్డది. నడుమ నడుమ ముళ్లు. గుండీ కుట్టనీకె అది సరిపోతుండె. తెంపబుద్ధి కాలేదు. ఇంట్ల ఉన్న దారం పక్కకు పెట్టి నేను కొత్త ఉండ విప్పుడు అదే మొదలు.

ఆయన పుట్టుపూర్వం నాకు ఎక్కువ తెల్వదు, రాయను గూడ. నా వాకిట్ల నేను చూసిందే రాస్త.

మా ముందటి అర్ర కిరాయికి తీసుకొని కుట్టు మిషను పెట్టుకున్నడు. వెనుక రెండు అర్రలల్ల ఆయనా, ఆయన భార్యా ఉంటుండిరి. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తెల్లంగి. మిగతా ఆరు దినాలు బూడిదరంగు అంగి. మెడల టేపు. "టైలర్ మామ చర్చిల గూడ టేపు తీయడేమో అత్తమ్మా" అని మా కోడలు నవ్వేది.

ఒక దినం కాజీపేట అవతల పాత ఇనుము జాగ నుంచి ఒక లారీ మీద ఇంకో చిన్న లారీని తెచ్చి మా ఖాళీ జాగల దింపిండ్రు. ఎన్నడో మిలిటరీల వాడి పక్కకు పెట్టిన బండంట. తలుపుల్లేవు. అద్దాల్లేవు. ఇంజన్ల తొండలు కాపురం పెట్టినయి.

"తమ్మీ, ఇదేంది?"

"బండి అక్కా. జర జాగ ఇయ్యి, బాగు చేసుకుంట."

"నీకు బాగు చేసుడు వస్తదా?"

"రాదు."

"మరి?"

"కుట్టుడు గూడ మొదలు రాకుండె గద."

నేను షరతులు పెట్టిన. ముగ్గు వేసే జాగల నూనె మరక పడొద్దు. మేము నీళ్లు పట్టుకున్నంకనే ఆయన నీళ్లు పట్టుకోవాలె. తుడుచుకోను నా పాత లంగా గుడ్డలు ఇస్త, కాని ఉతికి వాపసియ్యాలె. అన్నిటికీ సరేనన్నడు. గుడ్డలు ఉతుకుడే కాదు, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఇస్తుండె. నల్లమరకల పేలికలకు ఇస్త్రీ మడతలు. నాకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వకపోయేది.

పని నేర్చుకున్నది ఫోన్ల చూసి. ఎవరో ఏ దేశపోళ్లో బండ్లు విప్పి బిగిచ్చుడు చూపిస్తుంటే మిషను తొక్కుకుంట చూస్తుండె. "ఆ మాట నీకు సమజైతదా?" అని అడిగిన. "మాటెందుకక్కా, చేతులు చూస్త" అన్నడు. సామాను కొనేతందుకు పోతే, జాకెట్టుకు లైనింగు గుడ్డ కలిపినట్టు, పాతముక్క సంచిల వేసుకపోయి, దుకాణం ముందు ఎండల పెట్టి, కొత్తదాని పక్కన తిప్పి తిప్పి చూస్తుండెనంట. దుకాణపోడు యాష్టకొచ్చి "టైలర్ సాబ్, ఇనుముకు రంగు కలుస్తదా" అన్నడని ఆయనే వచ్చి చెప్పి నవ్విండు.

బండితోటి మాట్లాడుతుండె. కొలత తీస్కునేటప్పుడు మనిషికి చెప్పినట్టు "జర చెయ్యి లేపు", "అట్లనే ఉండు" అని. "మనుషుల కంటే ఇదే నయమక్కా" అన్నడు ఒకసారి. "కొలత తీస్తుంటే కడుపు లోపలికి గుంజది."

ఇంత పిచ్చి ఎందుకని అడిగితే ఒక్కటే చెప్పిండు. వయసుల ఉన్నప్పుడు చేతి మిషను నెత్తి మీద పెట్టుకొని అడివి ఊర్లు తిరిగి కుట్టేదంట. ఒక వానకాలం వాగుల బస్సు కూరుకపోయింది. ఊరంత గుంజినా రాలేదు. అప్పుడు ఇసొంటి మిలిటరీ బండొకటి వచ్చి, నాలుగు చక్రాలు ఒక్కసారి తిప్పి, బస్సును గుంజుకొని బయటికొచ్చిందంట. "బర్రె లేసి వచ్చినట్టు వచ్చిందక్కా" అన్నడు. అది చెప్పేటప్పుడు ఆయన మొఖం చూడాలె.

ఆయన సంబురం ఆయనది. నా ఫికర్ నాది. జాకీ మీద ఆయనకు నమ్మకం, నాకు లేకుండె. చక్రాల కింద ఇటికెలు పెట్టిచ్చిన. ఆయన బండి కిందికి దూరితే రెండు పాదాలే కనపడుతుండె. నేను అరుగు మీద కూసోని బియ్యం ఏరుకుంట ఆ పాదాల మీదనే కన్ను పెడుతుంటి. పాదాలు కదలకుంటే నా చెయ్యి ఆగేది.

"తమ్మీ."

"ఊఁ."

కుట్టేటప్పుడు సూదులు పెదవుల నడుమ పెట్టుకునే అలవాటు. నట్లు గూడ అట్లనే పెట్టుకుంటుండె. అందుకే నోరు తెరువకుంట "ఊఁ". ఆ "ఊఁ" వినపడితే మల్ల నా బియ్యం నేను ఏరుకుంటుంటి.

ఒక మధ్యాహ్నం "ఊఁ" రాలేదు. రెండుసార్లు పిలిచిన. చాట కింద పడేసి ఉరికిన. వంగి చూస్తే నిద్రపోయిండు, బండి కింద చల్లగ ఉన్నదని. లేపి తిట్టినన్ని తిట్లు తిట్టిన. అన్ని విని, "అక్కా, బియ్యం మట్టిల పడ్డయి. ముందుగాల అవి ఎత్తుకో, మిగిలిన తిట్లు తర్వాత తిట్టు" అన్నడు.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలె. "మొదలు కచ్చా, తర్వాత పక్కా, నడుమ ట్రయలు" అని అస్తమానం అంటుండె. బండి నిండ దారాలు కట్టిండు. వైర్లకు ఎర్రవి, పచ్చవి, ఏది ఏడికి పోతదో గుర్తుకు. నట్లకు తెల్లవి. తెల్లవి ఎందుకో నేను అడగలేదు. దుకాణంల మిగిలిన దారం ఈడ ఖరాబు చేస్తాండని మాత్రం అనుకున్న.

ఇంకోటి గూడ చెప్పాలె, లేకుంటే నేను నోరెందుకు మూసుకున్ననో అర్థం కాదు. మా కోడలు ఒకసారి పాల ప్యాకెట్టు కోసేతందుకు ఆయన కత్తెర తీసింది. టైలరు కత్తెర బట్టకు తప్ప ఇంకోదానికి ముట్టిస్తే పదును పోతది. ఆయన తుడుచుకొని అంచు చూసుకున్నడు. నేను ఊకోలేదు. "ఒకరి వస్తువు అడగకుండ ముట్టుడేంది? మీ అవ్వగారింట్ల నేర్పింది ఇదేనా?" అన్న. బట్టలకు వచ్చిన ముగ్గురు ఆడోళ్ల ముందట అన్న. "తప్పయింది మామా" అని ఆమెతోటి చెప్పిచ్చేదాక వదల్లేదు. చెప్పింది. ఆ దినం కోడలు అన్నం తినలేదు. నేను తినమనలేదు.

తర్వాత సంవత్సరం ఆ కోడలికే డెంగీ వచ్చింది. హనుమకొండ దవాఖానల పెట్టినం. రక్తం ఎక్కిస్తున్నరు, కొడుకు పరుగులు పెడుతున్నడు, నేను వరండాల నేల మీద కూసున్న. ఇది బతికి ఇల్లు చేరితే దీని నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్కకు మొక్కిన. మేడారంల బంగారమంటే బెల్లమే. కోడలు ఇల్లు చేరింది. జర కోలుకున్నంక తరాజుల కూసోబెట్టి బెల్లం తూకమేయించిన.

"అత్తమ్మా, నా బరువు వాడకంత తెలుస్తది" అని సిగ్గుపడ్డది.

"తెల్వనియ్యి. ఆ బరువు ఈడ ఉన్నదనే కద మొక్కు" అన్న.

జాతర రద్దీ మొదలుగాక ముందే పోయొద్దామనుకున్నం. అప్పటికి ఆయన బండికి తలుపులొచ్చినయి, రంగు పడ్డది, ఇంజను మాట్లాడుతాంది. నేనే అడిగిన. "నేను మొక్కను గాని అక్కా, మొక్కెటోళ్లను భద్రంగ తీస్కపోయి తీస్కొస్త" అన్నడు. వాడకట్టుల ఇంకో ఏడుగురు తయారైండ్రు.

ఈ నడుమ ఆయన బిడ్డ కాన్పు ఉంటే నాలుగు దినాలు జనగామ పోయిండు. అమ్మల కాడికి పోయే బండి దుమ్ముతోటి పోవద్దని నేను పీటేసుకొని కూసోని తుడిచిన. చూస్తే తెల్లదారాలు వేలాడుతున్నయి, ముసలెద్దుకు తోరణం కట్టినట్టు. చెయ్యి అందినకాడల్లా తెంపిన. ఎర్రవి, పచ్చవి ముట్టలేదు, వైర్లల్ల కరెంటు ఉంటదేమోనని భయం. తెంపినవి పారేయలేదు. ఒకదానికొకటి ముడేసి అట్టముక్కకు చుట్టి దాచిన. మంచి పని చేసిననుకున్న.

ఆయన వచ్చి బండి చుట్టు తిరిగిండు. ముందటి మూత లేపి చూసిండు. కిందికి దూరి చూసిండు. బయటికొచ్చి బుర్ర గోక్కున్నడు. "అన్నీ అయిపోగొట్టిన్నా?" అని తనను తానే అడుక్కున్నడు. తర్వాత నవ్విండు. నాకేం అర్థం కాలేదు.

మేడారం పోవాల్సిన ముందటి దినం మధ్యాహ్నం కోడలు ఆయనకు చాయ్ తీస్కపోయింది. నేను వంటింటి కిటికీ కాడ పప్పు కలుపుతున్న.

"మామా, నట్లన్ని బిగిచ్చినవా? తొవ్వల మమ్మల్ని ఊడగొట్టవు గద?"

"బిడ్డా, బట్టకు కచ్చా కుట్టు తెల్లదారంతోటి వేస్తం, ఎర్కే గద. పక్కా కుట్టు పడ్డంక దాన్ని గుంజేస్తం. ఈడ గూడ గంతే. ఉత్త చేతితోటి తిప్పి పెట్టిన నట్టుకు తెల్లదారం కడత. పానాతోటి పూరా బిగిచ్చినంక దారం తీసేస్త. ఇప్పుడు పోయి చూడు, బండి మొత్తంల ఒక్క తెల్లదారం లేదు. ఎప్పుడు అయిపోగొట్టిన్నో నాకే యాదికి లేదు. అంటే అంత పక్కా."

ఆ దినం మా ఇంట్ల పప్పు మాడింది. నా చేతిల మాడిన పప్పు అదొక్కటే.

అప్పుడే బయటికి పోయి రెండు మాటలు చెప్పాల్సింది. కోడలు ఆడనే ఉన్నది, చాయ్ గిలాస కోసం నిలబడ్డది. కత్తెర దినం నేనన్న మాటలు ఆమెకు ఒక్కటి గూడ మరుపు రాలేదని నాకు ఎర్కే. ఆమె పోయినంక చెప్దమనుకున్న. ఆమె పోయింది. నేను బయటికొచ్చి చెప్పింది "రేపు పోవద్దు" అని. లొల్లి అయ్యింది. తలుపేసుకున్న.

దీపం పెట్టేయాళ్లకు మల్ల బయటికి పోయిన. ఆయన అద్దాలు తుడుస్తాండు.

"తమ్మీ, అన్ని నట్లు ఇంకోసారి బిగియ్యరాదు?"

"కుట్టిన కుట్టునే ఎన్నిసార్లు కుట్టాలె అక్కా? ఎక్కువ బిగిస్తే మర తెగుతది. నువ్వు ఫికర్ చెయ్యకు. పోయి పండుకో."

పండుకున్న. కండ్లు మూస్తే నా చెయ్యి కనపడుతాంది. మూత కింద ఒకటి తెంపింది, చక్రం వెనుక ఒకటి తెంపింది. ఎన్ని తెంపిన్నో, ఏడేడ తెంపిన్నో యాదికి రాదు. దేవతకు ఎవరి పానం అడుక్కున్ననో ఆ మనిషినే పొద్దుగాల ఆ బండి ఎక్కిస్తున్న.

తెల్లారి ఆరింటికి బండి చప్పుడు చేస్తాంది. వెనుక ఏడుగురు ఎక్కిండ్రు. నడుమ బెల్లం బుట్టలు. కోడలు ముందట సీట్ల, ఒళ్ళె కొబ్బరికాయల సంచి. ఆయన స్టీరింగు కాడ. ఆదివారం కాకున్నా తెల్లంగి వేసుకున్నడు.

"అక్కా, నీ సీటు ఖాళీగున్నది. దినం మంచిది కాకుంటే కండ్లు మూసుకొని కూసో" అన్నడు. అందరు నవ్విండ్రు.

నేను ఎక్కలేదు. బండి ముందటికి పోయి నిలబడ్డ. కొంగుల నుంచి అట్టముక్క తీసిన.

"ఇవి నీ నట్ల కాడియి. నువ్వు ఊర్ల లేనప్పుడు నేను తెంపిన. అడగకుండ తెంపిన."

ఇంజను ఆపిండు. దిగిండు. నా మొఖం చూడలేదు, దారం చూసిండు. అట్టముక్క మీద నుంచి విప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ జార్చుకుంట పోయిండు, గుడ్డ అంచు చూసినట్టు. ముడి తగిలినప్పుడల్లా ఆగుతాండు. పెదవులు కదులుతున్నయి.

"పదకొండు ముళ్లు" అన్నడు. "అంటే ముక్కలు పన్నెండు."

వెనుకున్నోళ్ల నవ్వులు బంద్ అయినయి. కోడలు సీటు మీద నుంచి నన్ను చూసింది.

"అడగకుండ ముట్టిండ్రా, అత్తమ్మా?"

గట్టిగ అనలేదు. మెల్లగనే అన్నది.

"ముట్టిన" అన్న.

ఆయన తెల్లంగి విప్పి అద్దానికి తగిలిచ్చి, పానా తీసుకొని బనీను మీదనే కిందికి దూరిండు. దుకాణంల నుంచి బట్టల మీద గీసే చాక్‌పీసు తెమ్మని కోడలికి చెప్పిండు. "దొరికినప్పుడల్లా గోడ మీద ఒక గీత గియ్యి బిడ్డా." అందరు దిగి అరుగు మీద కూసున్నరు. పానా చప్పుడు, "ఒకటి" అని, గోడ మీద గీత. మల్ల పానా చప్పుడు, "రెండు".

ఏడోదానికి "అక్కా, ఇటు వంగు" అన్నడు.

మోకాళ్ల మీద వంగిన. పానా పక్కకు పెట్టి, రెండు వేళ్లతోటి నట్టును పట్టుకొని తిప్పిండు. సీసా మూత తీరు తిరిగింది.

"చక్రాలు తిప్పే రాడ్డుది" అన్నడు.

తలెత్తి చూసిన. నెత్తి మీద కోడలు కూసున్న సీటు ఉన్నది.

ఎండ గోడ మీదికి వచ్చేయాళ్లకు పదకొండు గీతలైనయి. పన్నెండోది దొరకలేదు. యాది చేసుకొమ్మన్నడు. ఆ దినం కూసున్న పీట తెచ్చి, కూసున్నకాడల్లా మల్ల కూసోని, చెయ్యి చాపి చూసిన. దొరకలేదు.

"ఒకటి మీ జాకెట్టు దారమేమో అత్తమ్మా. దేన్నీ పారేయరు గద" అన్నది కోడలు.

"కావొచ్చు. కాకపోవచ్చు" అన్నడాయన. లేచి, దారం మల్ల అట్టముక్కకు చుట్టి, బండి తాళంచెవితోటి కలిపి నా చేతిల పెట్టిండు. "ఆ పన్నెండోది దొరికేదాక ఇది నీ కొంగుల ఉండనియ్యి."

బెల్లం బుట్టలు దింపినం. మూడు ఆటోలు మాట్లాడినం. పోయేటప్పుడు మల్ల బండి కింద రెండు పాదాలు కనపడుతున్నయి.

"తమ్మీ, పోయొస్తం" అన్న.

"ఊఁ" అన్నడు.

హనుమకొండ బస్టాండుల అందరి టికెట్లు నేనే తీసిన.